యుద్ధం, వలస, న్యాయం: అంతర్జాతీయ నీతిశాస్త్రంలో పీజీకి ఎలా సిద్ధపడాలి

సివిల్స్‌కి చదివినవాళ్లకు జీఎస్ నాలుగో పేపరు సిలబస్‌లో ఒక చిన్న ముక్క గుర్తుండే ఉంటుంది: అంతర్జాతీయ సంబంధాల్లోనూ నిధుల విషయంలోనూ వచ్చే నైతిక సమస్యలు. కోచింగ్‌లో దానికి ఒక పూట ఇస్తే ఎక్కువ. నోట్సులో రెండు పేజీలు, నాలుగు ఉదాహరణలు, అంతటితో సరి. ఆ ఒక్క ముక్క మీదే ఏడాదో రెండేళ్లో కూర్చుని చదివే పీజీ కోర్సులు ఉన్నాయి. యుద్ధం ఎప్పుడు న్యాయమైనది, పక్క దేశంలో ఊచకోత జరుగుతుంటే మనకేం బాధ్యత, ఆంక్షలు పెడితే నలిగేది ఎవరు, వాతావరణాన్ని పాడుచేసినవాళ్లు ఎవరికెంత బాకీ, సరిహద్దు దగ్గర మనిషిని ఆపే హక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది: ఇలాంటివన్నీ అక్కడ తవ్వుతారు.

పొలిటికల్ సైన్స్ డిగ్రీ చేసినవాళ్లు, బీటెక్ అయ్యాక మనసు మారినవాళ్లు, సివిల్స్ అటెంప్టులు అయిపోయి చదివిందంతా ఏం చేసుకోవాలో తోచనివాళ్లు ఇటువైపు చూస్తుంటారు. అడ్మిషన్‌కు ఏడాది ముందు నుంచి డిసెర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) దాకా ఏం చేయాలో వరసగా చెబుతాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ చదువులో మిమ్మల్ని నిలబెట్టేది మీరు పట్టుకున్న ప్రశ్న. అందుకే కాలేజీ వెతుక్కోవడం కంటే ముందు ప్రశ్న వెతుక్కోమంటాను.

మొదట: ఇది మీకు సరిపడే చదువేనా?

అంతర్జాతీయ వ్యవహారాలు అనగానే చాలామందికి శిఖరాగ్ర సమావేశాలు, ఆయుధ ఒప్పందాలు, ఎవరు ఎవరి పక్షం అన్న కబుర్లు గుర్తొస్తాయి. ఆ ఆసక్తికి మామూలు ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎంఏ చక్కగా సరిపోతుంది. ఇక్కడ అడిగేది వేరు. ఒక దేశం ఏం చేసింది, ఎందుకు చేసింది అన్నదాకా వచ్చి ఊరుకోరు. అది సరైనదేనా, ఏ కొలతతో సరైనదంటున్నారు, అదే కొలత మీకు నచ్చని దేశానికి కూడా పెడతారా అని వెంటపడతారు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి 1971ని తీసుకోండి. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. డిసెంబరులో మన సైన్యం అటు వెళ్లింది, ఊచకోత ఆగింది, బంగ్లాదేశ్ పుట్టింది. పాకిస్తాన్ రెండు ముక్కలు కావడం మనకు లాభం కూడా. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మాత్రం కాల్పులు ఆపి సైన్యాలు వెనక్కి రావాలన్న తీర్మానానికి 104 దేశాలు ఓటేశాయి, 11 మాత్రమే వద్దన్నాయి. స్వలాభం కలిసినంత మాత్రాన ప్రాణాలు కాపాడిన పని తప్పవుతుందా? కాదంటే, 1999లో కొసోవో పేరు చెప్పి భద్రతా మండలి అనుమతి లేకుండా నాటో యుగోస్లావియా మీద బాంబులు వేసినప్పుడు మన దేశం ఎందుకు తప్పుపట్టింది? రెండింటికీ ఒకే సూత్రం చెప్పగలమా?

ఇది చదివి 'మనం చేసింది రైటే, ఇందులో చర్చేముంది' అనిపిస్తే ఈ కోర్సు మీకు చిరాకు తెప్పిస్తుంది. 'నీతీ లేదు గీతీ లేదు, బలమున్నవాడిదే రాజ్యం' అనిపిస్తే చేరొచ్చు. అదీ ఒక వాదమే, దానికి పెద్ద సంప్రదాయమే ఉంది. కాకపోతే ఊరికే అనేసి తప్పించుకోలేరు, నిరూపించాలి.

ఆ తర్వాత ఆరు నెలలు: తక్కువ చదవండి, నిదానంగా చదవండి

పుస్తకాల జాబితా అడిగితే ఎవరైనా యాభై పేర్లు ఇస్తారు. మీకు ఇప్పుడు అన్ని అక్కర్లేదు. ఈ నాలుగైదింటిని నమిలి మింగండి.

మొదట గ్రీకు చరిత్రకారుడు థుసిడిడిస్ రాసిన మెలోస్ సంభాషణ. కొద్ది పేజీలే. క్రీస్తుపూర్వం 416లో ఏథెన్స్ నౌకాదళం మెలోస్ అనే చిన్న ద్వీపానికి వచ్చి, లొంగుతారా చస్తారా అని అడుగుతుంది. మెలోస్ వాళ్లు న్యాయం మాట్లాడతారు. ఏథెన్స్ వాళ్లు న్యాయం సమానుల మధ్యే అంటారు. చివరికి మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మేస్తారు. దీని పక్కనే ఉద్యోగపర్వంలో కృష్ణుడి రాయబారం పెట్టుకుని చదవండి. నాటకాల్లో ఆ పద్యాలు విని పెరిగినవాళ్లకు కథ కొత్తేం కాదు, అడగాల్సిన ప్రశ్న కొత్తది. దుర్యోధనుడు ఒప్పుకోడని తెలిసే కృష్ణుడు వెళ్లాడు. యుద్ధం చివరి మార్గంగానే ఉండాలన్నది న్యాయయుద్ధ సిద్ధాంతంలో ముఖ్యమైన షరతు. అయిదూళ్లు అడగడం ఆ షరతును నిజాయితీగా తీర్చడమా, లేక నింద అవతలివాడి మీద పడేలా చూసుకోవడమా? 2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లేముందు భద్రతా మండలిలో నడిచిన ఆయుధ తనిఖీల తతంగానికి ఇదే ప్రశ్న వేసి చూడండి. తిక్కన ఈ ఘట్టాన్ని అంత బాగా రాయడానికి ఆయన స్వయంగా మంత్రి కావడం కూడా ఒక కారణమని నా అనుమానం.

ఆ తర్వాత తత్వవేత్త పీటర్ సింగర్ 1972లో అచ్చువేసిన కరువు వ్యాసం. అది మొదలయ్యేదే 1971 నాటి తూర్పు బెంగాల్ శరణార్థుల చావులతో. దూరాన ఉన్నవాడి ఆకలికి, ఎదురుగా ఉన్నవాడి ఆకలికి తేడా ఉందా అన్నదే దాని వాదం. మైఖేల్ వాల్జర్ 1977లో యుద్ధ నీతి మీద రాసిన పుస్తకంలో మొదటి ఆరు అధ్యాయాలు చాలు. వాటిలో 1971 ప్రస్తావన కూడా వస్తుంది, మన గురించి బయటివాడు ఎలా వాదించాడో చూడొచ్చు. కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన చిన్న పుస్తకం, జాన్ రాల్స్ 1999 పుస్తకం తర్వాత వరసలో పెట్టుకోండి. రాల్స్ మొదటిసారి కొరుకుడు పడడు. ఎవరికీ పడడు.

మన దగ్గరి మూలాల్లో కౌటిల్యుణ్ణి అందరూ వాడతారు, ఎక్కువమంది పైపైనే వాడతారు. నన్నడిగితే కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదున్న అశోకుడి పదమూడో శాసనం అంతకంటే మంచి సరుకు. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించారని, అందుకు బాధపడుతున్నానని గెలిచిన రాజే చెక్కించాడు. అదే శాసనంలో అడవి జాతులకు, నాకు దండించే శక్తి ఉందని హెచ్చరిక కూడా ఉంది. ఇంకో విచిత్రం: దెబ్బతిన్న కళింగలో, ధౌలి, జౌగడ బండల మీద, ఈ పదమూడో శాసనం లేదు. దాని చోట వేరే శాసనాలు చెక్కించాడు. బాధితుల ముందు చెప్పని క్షమాపణ క్షమాపణేనా? ప్రభుత్వాలు చరిత్రలో చేసిన నేరాలకు క్షమాపణ చెప్పడం మీద ఇవాళ చాలా పరిశోధన జరుగుతోంది. మీరు ఎర్రగుడి నుంచి అందులోకి వెళ్లవచ్చు.

చదివే పద్ధతి ఇది. ప్రతి వ్యాసానికీ ఒక పేజీ రాసుకోండి. పైన రచయిత వాదం రెండు వాక్యాల్లో, దాని కింద ఆ వాదం దేనిమీద ఆధారపడిందో, చివర దానికి రాగల గట్టి అభ్యంతరం. 'బాగుంది', 'నేటికీ వర్తిస్తుంది' లాంటివి రాయొద్దు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ దగ్గర బెదురు ఉన్నవాళ్లు ఆ పేజీ తెలుగులోనే రాసుకోండి, సిగ్గేమీ లేదు. వాదం తలకెక్కాక ఇంగ్లిష్‌లో పొట్టి వాక్యాల్లో పెట్టడం సులువు. పుస్తకాలు కొనలేకపోతే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే తత్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం ఇంటర్నెట్‌లో ఉచితం. అందులో యుద్ధం, వలస, ప్రపంచ న్యాయం మీదున్న వ్యాసాలు చాలా పాఠాలకంటే నయం.

ఇప్పుడు ప్రశ్న

ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. 'మీరు ఏం పరిశోధిస్తారు' అంటే 'గల్ఫ్ కార్మికుల సమస్యలు' అంటారు. 'అణ్వాయుధాలు', 'పాలస్తీనా', 'క్లైమేట్ జస్టిస్' అంటారు. ఇవన్నీ అంశాలు. అంశానికి అవును, కాదు అని జవాబు చెప్పలేం. ప్రశ్నకు చెప్పగలం, చెప్పినందుకు ఎవరో ఒకరు మనతో గొడవపడగలరు.

గల్ఫ్‌నే తీసుకుని చేసి చూపిస్తాను. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఊళ్ల నుంచి మగవాళ్లు, కోనసీమ, కడప వైపు నుంచి ఇంటిపనికి ఆడవాళ్లు గల్ఫ్ దేశాలకు వెళ్లడం మనకు కొత్త కాదు. అక్కడ కఫాలా పద్ధతిలో కార్మికుడు ఆ దేశంలో ఉండటమే యజమాని మీద ఆధారపడి ఉంటుంది. అనుమతి లేకుండా యజమానిని వదిలితే చాలాచోట్ల చట్టవిరుద్ధంగా ఉన్నట్టు లెక్క. ఇరవై ఏళ్లు పనిచేసినా పౌరసత్వం రాదు. ఇంతవరకు వాస్తవాలు. పత్రికలో వార్త అయితే ఇక్కడికి చాలు.

మొదటి మలుపు: ఈ షరతులన్నీ ముందే తెలిసి, ఏజెంటుకు అప్పుచేసి డబ్బుకట్టి మరీ వెళ్లాడు కదా. ఒప్పుకుని వెళ్లినవాడికి అన్యాయం జరిగిందని ఎలా అంటాం? 'పేదరికం వల్ల ఒప్పుకున్నాడు' అంటారు మీరు. సరే, పేదరికం వల్ల ఒప్పుకున్న ప్రతిదీ చెల్లదంటే హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం కూడా చెల్లదు. కాబట్టి గల్ఫ్‌లో ఉన్నదీ ఇక్కడ లేనిదీ ఏమిటో విడదీసి చెప్పాలి. పని మానేసే స్వేచ్ఛ లేకపోవడమా? తన మీద చలాయించే చట్టంలో తనకెప్పటికీ మాట లేకపోవడమా?

రెండో మలుపు: వాల్జర్ 1983లో యూరప్ గెస్ట్ వర్కర్ల గురించి రాస్తూ రెండోదాన్నే పట్టుకున్నాడు. ఒక దేశంలో ఉంటూ, పనిచేస్తూ, అక్కడి చట్టానికి లోబడి బతికేవాళ్లను ఎప్పటికీ బయటివాళ్లుగా ఉంచడం దొరతనమే అవుతుంది, రానిస్తే పౌరసత్వానికి దారి ఇవ్వాలి, లేదంటే రానివ్వకూడదు అన్నది స్థూలంగా ఆయన వాదం. వినడానికి బాగుంది.

మూడో మలుపు ఇక్కడ. గల్ఫ్ దేశాలు ఆ మాట విన్నాయనుకోండి. అందరికీ పౌరసత్వం ఇస్తాయా, తలుపులు మూసేస్తాయా? మార్టిన్ రూస్ అనే పరిశోధకుడు 2013లో చూపించింది ఇదే: పెద్ద చదువుల్లేని కార్మికుల విషయంలో, ఎక్కువమందిని రానిచ్చే దేశాలు తక్కువ హక్కులిస్తాయి, ఎక్కువ హక్కులిచ్చేవి తక్కువమందిని రానిస్తాయి. అప్పుడు వాల్జర్ న్యాయం వల్ల మొదట నష్టపోయేది జగిత్యాల వాడే. తన ఆదర్శం నిలబెట్టుకోవడానికి ఆ ఇంటి సంపాదన పోగొట్టే హక్కు సిద్ధాంతకర్తకు ఉందా?

చూశారా, ఇప్పుడు చేతిలో ప్రశ్న ఉంది: 'కొన్ని హక్కులు వదులుకునే షరతు మీద వలస రానివ్వడం, అసలు రానివ్వకపోవడం కంటే న్యాయమైనదేనా? అయితే ఏ హక్కులు వదులుకోవడానికి ఒప్పుకోవచ్చు, ఏవి ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు?' దీనిమీద డిసెర్టేషన్ రాయొచ్చు. ఇంకా సన్నగా చేయాలంటే మన ప్రభుత్వం వైపు తిరగండి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాలకు 30 ఏళ్లలోపు ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లకూడదని మన దేశం నియమం పెట్టింది. రక్షణ కోసమే అంటారు. అదే వయసు మగవాడు ఎడారిలో గొర్రెలు కాయడానికి వెళ్లొచ్చు. మేజరైన మనిషిని ఆమె మంచి కోసమే ఆపే అధికారం ప్రభుత్వానికి ఎంతవరకు ఉంది? నియమం వల్ల దొడ్డిదారిన వెళ్లేవాళ్ల పరిస్థితి మరీ అధ్వాన్నమైతే, ఆ పాపంలో నియమం పెట్టినవాళ్లకు వాటా ఉందా?

మీ ప్రశ్న ఇదే కావాలని లేదు. కానీ ఈ మూడు మలుపుల్లాంటివి దాటాలి. ఇంటి దగ్గరి ఉదాహరణ పట్టుకుంటే ఒక లాభముంది. సూడాన్ గురించీ సిరియా గురించీ మీకంటే బాగా తెలిసినవాళ్లు తరగతిలో ఉంటారు. జగిత్యాల గురించి ఉండరు.

రాత నమూనా: సివిల్స్ అలవాటు వదిలించుకోండి

బయటి మంచి యూనివర్సిటీల్లో కొన్ని రాత నమూనా (రైటింగ్ శాంపిల్, అంటే మీరు వాదించి రాసిన ఒక వ్యాసం) అడుగుతాయి. సివిల్స్ నుంచి వచ్చేవాళ్ల చేతికి పట్టేసిన ఒక పద్ధతి ఉంటుంది: నిర్వచనం, అనుకూల అంశాలు అయిదు, ప్రతికూల అంశాలు అయిదు, చివర 'సమతుల్యమైన విధానం అవసరం' అని ఒక ముక్తాయింపు. ఆ పరీక్షకు అది సరిపోతుందేమో. ఇక్కడ మాత్రం చదివే ప్రొఫెసరుకు 'ఈ అబ్బాయి ఏదీ తేల్చడు' అని అర్థమవుతుంది.

బదులుగా ఇలా రాయండి. మొదటి పేరాలోనే మీ జవాబు చెప్పేయండి. 'కఫాలాలో అన్యాయం పౌరసత్వం ఇవ్వకపోవడంలో లేదు, యజమానిని మార్చుకునే హక్కు లేకపోవడంలో ఉంది అని వాదిస్తాను' అన్న ఒక్క వాక్యం చాలు. తర్వాత ఒకటో రెండో కారణాలు, అంతే, అయిదు వద్దు. ఆ తర్వాత మీ ప్రత్యర్థి తరఫున మీరే వకాల్తా పుచ్చుకుని, ఆయన కూడా మెచ్చుకునేంత బలంగా అభ్యంతరం పెట్టండి. దానికి జవాబు చెప్పండి. పూర్తిగా చెప్పలేకపోతే ఎంతవరకు చెప్పగలరో అంతవరకు చెప్పి, మిగిలింది ఒప్పుకోండి. రెండు వేల పదాల నమూనాలో సగం ఈ అభ్యంతరం, జవాబు దగ్గరే ఖర్చుపెట్టినా తప్పులేదు. గాంధీ, బుద్ధుడి సూక్తులు ఎక్కడైనా దూర్చి ఉంటే తీసేయండి.

ఎక్కడ చదవాలి

ఇక్కడే చదివే దారి చవక, అంత తీసిపారేసేదేమీ కాదు. ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌కు మూలం 1955లో పెట్టిన సంస్థ. తులనాత్మక రాజకీయాలకు, రాజకీయ సిద్ధాంతానికి కలిపి అందులో ఒక సెంటరే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎంఏలో సిద్ధాంతం బాగా చదివిస్తారు, ఇంటికి దగ్గర. పాండిచ్చేరిలో రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు కలిపిన ఎంఏ ఉంది. ఈ మూడింటికీ దారి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. 75 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. వాదించడం నేర్పే చదువుకు కంప్యూటర్ మీద ఆప్షన్లు నొక్కే పరీక్ష పెట్టడం ఏమిటో నాకెప్పటికీ అర్థంకాదు. ఒకప్పుడు జేఎన్‌యూ వ్యాసాలు రాయించేది. అయినా ఉన్నది ఇదే కాబట్టి, పాత పేపర్లు తిరగేయండి, పేర్లు, సంవత్సరాలు, సిద్ధాంతాల జతలు బట్టీపట్టండి, ఇందాక చెప్పిన చదువు దానికి వేరుగా నడవాలి. సార్క్ దేశాలు కలిసి ఢిల్లీలో 2010లో మొదలుపెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీలోనూ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎంఏ ఉంది. 1971 గురించి బంగ్లాదేశ్ విద్యార్థి పక్కన కూర్చుని మాట్లాడటం వేరే చదువు.

ఇక్కడ 'అంతర్జాతీయ నీతి' అని బోర్డు పెట్టిన కోర్సు దొరకదు. పేరు చూసి వదిలేయకుండా ఆప్షనల్ పేపర్లు చూడండి, అది నేర్పే మనుషులు ఉన్నారా చూడండి.

బయట అయితే బ్రిటన్ ఈ చదువుకు పుట్టిల్లు. వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లో 1919లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ రాజకీయ శాఖ పెట్టారు, మొదటి ప్రపంచ యుద్ధం శవాలు చూశాక. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్, ఎడిన్‌బరో రెండింటిలోనూ ఇంటర్నేషనల్ పొలిటికల్ థియరీ పేరుతోనే పీజీ నడిపారు. మనకు కావలసింది దాదాపు అదే. దరఖాస్తు చేసే ఏడాది ఆ కోర్సు నడుస్తోందో లేదో చూసుకోండి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్‌ఎస్‌ఈ)లో పొలిటికల్ థియరీ ఉంది. ఆక్స్‌ఫర్డ్ ఎంఫిల్ రెండేళ్లు, తర్వాత పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లకు మంచిది. అమెరికాలో ఈ సబ్జెక్టుకు సొంత డబ్బు పోసి ఎంఏ చేయడం నాకు నచ్చదు. అక్కడ మంచి యూనివర్సిటీలు డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి తీసుకుని స్టైపెండ్ ఇస్తాయి, పోటీ మాత్రం భయంకరం.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలకు వెళ్తే ఈ కోర్సు పేరు చెప్పగానే ఎంబీఏనో డేటా సైన్సో చూపిస్తారు. చాలామందికి యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది, కమీషన్ ఇచ్చే చోటికే పంపుతారు. ఈ చదువుకు దరఖాస్తు మీరే పెట్టుకోగలరు. ఫారం నింపడం పాస్‌పోర్టు అప్లికేషన్ కంటే కష్టమేమీ కాదు.

కాగితాల పని

సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), ప్రొవిజనల్, ట్రాన్‌స్క్రిప్టులు ముందే తీసి పెట్టుకోండి. యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో ట్రాన్‌స్క్రిప్టులకు వారాలు పట్టొచ్చు, ఆగస్టులోనే మొదలుపెట్టండి. ఐఈఎల్‌టీఎస్‌లో 7 లక్ష్యం పెట్టుకోండి, రైటింగ్ సెక్షన్ మీద ఎక్కువ దృష్టి పెట్టండి. జీఆర్ఈ బ్రిటన్‌లో మామూలుగా అడగరు.

సిఫార్సు లేఖల దగ్గర మన డిగ్రీ కాలేజీ పిల్లలకు ఒక తలనొప్పి ఉంది. చాలా యూనివర్సిటీలు లెక్చరర్‌కు సంస్థ ఈమెయిల్ ఉండాలంటాయి. మన సార్లకు ఉండేది జీమెయిల్. కాలేజీ పేరుతో ఈమెయిల్ పెట్టించమని ప్రిన్సిపాల్‌ను ముందే అడగండి, కుదరకపోతే లెటర్‌హెడ్ మీద సంతకం, స్టాంపుతో లేఖ స్కాన్ చేయించి పెట్టుకుని, అది సరిపోతుందా అని అడ్మిషన్ల ఆఫీసుకు మెయిల్ రాయండి. 'నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా' అంటారు సార్. మీరే రాసివ్వకండి, మొత్తం ఆయన్నే రాయమనీ బలవంతపెట్టకండి. మీరు ఆయన క్లాసులో రాసిన వ్యాసం, మాట్లాడిన ప్రెజెంటేషన్, మీ కొత్త రాత నమూనా ఒక పేజీ సారాంశంగా ఇచ్చి, 'సార్, వీటి గురించి మీకేం అనిపించిందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు చాలు' అనండి. చాలామంది రాస్తారు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో 'చిన్నప్పటి నుంచీ ప్రపంచ శాంతి అంటే నాకు ఆసక్తి' అని మొదలుపెట్టకండి. మీ ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి పుట్టిందో ఒక పేరా, దానిమీద ఇంతవరకు ఏం చదివి ఎక్కడ ఆగిపోయారో ఒక పేరా, ఆ యూనివర్సిటీలో ఎవరి పని, ఏ పేపరు మీకు కావాలో ఒక పేరా. ఆ మూడో పేరా ఇంకో యూనివర్సిటీకి అతికించినా సరిపోయేలా ఉంటే మళ్లీ రాయండి. బీటెక్ వాళ్లు బీటెక్‌కు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, ఒక్క వాక్యంలో దాటేయండి.

డబ్బు, ఇంట్లో మాట

జేఎన్‌యూలో ఏడాది ట్యూషన్ ఫీజు ఇప్పటికీ వందల రూపాయల్లోనే ఉంది, మెస్ బిల్లే ఎక్కువ. లండన్‌లో ఏడాది కోర్సుకు ఫీజు, ఖర్చులు కలిపితే 40 లక్షలు సులువుగా దాటుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి. ఈ చదువుకు క్యాంపస్ ప్లేస్‌మెంట్లు లేవు. పొలం తాకట్టు పెట్టి లోను తీసుకుని వెళ్లే చదువు ఇది కాదని నా గట్టి అభిప్రాయం. స్కాలర్‌షిప్ వస్తే వెళ్లండి, రాకపోతే ఢిల్లీయో హైదరాబాదో.

బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చీవెనింగ్ పూర్తి ఖర్చు ఇస్తుంది. రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు, ఉండాలి. చదువయ్యాక దేశానికి తిరిగి వచ్చి రెండేళ్లు ఉండాలి. దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి. రోడ్స్, ఇన్‌లాక్స్ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. 1892 నుంచీ నడుస్తున్న జేఎన్ టాటా ఎండోమెంట్ ఉంది, అది లోన్ స్కాలర్‌షిప్. ఎస్సీ విద్యార్థులకు, మరికొన్ని వర్గాలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఒక మెలిక ఉంది: భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద కోర్సులకు, పరిశోధనకు ఇవ్వకూడదని 2022లో నిబంధన పెట్టారు. కోర్సు పేరు, మీ అంశం దాని కిందికి వస్తాయో రావో దరఖాస్తుకు ముందే చూసుకోండి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ వాటి సాటివి నడిపారు. ప్రభుత్వం మారినప్పుడల్లా నిబంధనలు మారతాయి, ఆ ఏడాది నోటిఫికేషనే చదవండి. ఫీజు గడువులోపు ఆ డబ్బు వచ్చేస్తుందని లెక్క వేసుకోకండి.

బ్రిటన్ వీసా నిబంధనలూ బిగిశాయి. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులవాళ్లు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు తప్ప మిగతా మాస్టర్స్ విద్యార్థులు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లలేరు. చదువయ్యాక పని వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల గడువు, 2027 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే.

'ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందిరా' అని నాన్న అడుగుతారు. అడగాలి కూడా. తేలికగా 'ఐక్యరాజ్యసమితి' అనేయకండి, ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. నిజం చెప్పండి: లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు, నెట్ ఉంటే డిగ్రీ కాలేజీల్లో చెప్పొచ్చు. వలస, శరణార్థులు, మానవ హక్కుల మీద పనిచేసే సంస్థలు, ఢిల్లీ థింక్ ట్యాంకులు, పత్రికల్లో విదేశీ వ్యవహారాల డెస్కులు తీసుకుంటాయి. జీతాలు ఐటీ జీతాలు కావు. సివిల్స్ రాస్తూ చదివేవాళ్లకు పీఎస్ఐఆర్ (పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్) ఆప్షనల్‌కు అక్కరకొస్తుంది.

చేరాక

సెమినార్‌లో మొదటి నెల నోరు తెరవడానికి టెన్షన్‌గా ఉంటుంది. ప్రతి క్లాసుకూ ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లి, మొదటి పదిహేను నిమిషాల్లో అది అడిగేయండి. ఆలస్యం చేస్తే మీ ప్రశ్న ఇంకెవరో అడిగేస్తారు. వాదనలో మీ దేశాన్ని కాపాడే పని నెత్తిన వేసుకోకండి. ఇండియా గురించి ఎవరు ఏమన్నా జవాబు చెప్పాల్సింది మీరేనన్న భావన చాలామందిని తినేస్తుంది.

డిసెర్టేషన్ సాధారణంగా 10 నుంచి 15 వేల పదాలు. గైడ్‌ను పేరు చూసి కాక, డ్రాఫ్టులు చదివి తిరిగి ఇస్తారా అని సీనియర్లను అడిగి ఎంచుకోండి. మనుషులను ఇంటర్వ్యూ చేయాలనుకుంటే, ఉదాహరణకు గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లతో మాట్లాడాలనుకుంటే, బయటి యూనివర్సిటీల్లో ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. సమ్మతి పత్రం తెలుగులో కూడా తయారుచేయాలి, చదువురానివాళ్లకు చదివి వినిపించి నోటిమాటగా సమ్మతి తీసుకుంటామని రాయాలి, వాళ్ల పేర్లు, ఊళ్లు, ఏజెంటు పేర్లు ఎలా దాస్తారో చెప్పాలి. ఏజెంటుకు ఇంకా బాకీ ఉన్నవాళ్లకు మీ ఇంటర్వ్యూ వల్ల చిక్కులు రావచ్చు, దాని గురించి కమిటీ తప్పకుండా అడుగుతుంది. అనుమతికి ఒకటి రెండు నెలలు పట్టొచ్చు, టికెట్ బుక్ చేసుకోకముందే ఫారం పెట్టండి. అది వచ్చేదాకా ఒక్క ఇంటర్వ్యూ కూడా మొదలుపెట్టకండి, ముందు చేసినవి వాడనివ్వరు.